నొప్పి నడుముకి, కోత గర్భసంచికి

మన సభల్లో, కరపత్రాల్లో మనం తరచుగా వాడే మాట ఒకటుంది: 'నడుం బిగించండి'. కల్లు, సారా వ్యతిరేకంగా నడుం బిగించమన్నాం. కూలి రేట్ల కోసం, భూమి కోసం, చదువు కోసం నడుం బిగించమన్నాం. స్త్రీలు బిగించారు కూడా. కానీ బిగించడానికి నడుం మిగిలిందా అని మాత్రం మనం ఎప్పుడూ అడగలేదు.

సిద్దిపేట చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా స్త్రీల సమావేశం పెట్టి, ఆరోగ్యం గురించి మాట్లాడదాం అనండి. మొదటి పది నిముషాల్లోనే నడుం నొప్పి ప్రస్తావన వస్తుంది. ఒకరు మొదలుపెడితే పక్కనున్న నలుగురూ 'నాకూ అంతే' అంటారు. అందరూ నవ్వుతారు కూడా. అందరికీ ఉన్నది కనుక అది జబ్బే కాదన్నట్టు, ఆడపుట్టుకతో పాటు వచ్చినట్టు ఆ మాట అక్కడితో ముగిసిపోతుంది. ఆ నవ్వు దగ్గర ఆగి ఆలోచించాలని ఈ సంపాదకీయం.

ముందుగా ఈ నొప్పి ఎక్కడ పుడుతోందో చూద్దాం. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఇళ్ళు వేలల్లో ఉన్నాయి. తెల్లవారి ఇంటి పని ముగించుకుని, చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వంట వేళకి గాని లేవరు. తునికాకు తడపాలి, రేకు పెట్టి కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, మూతి ముడవాలి, దారం కట్టాలి, కట్టలు వేయాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేచి నడుం చాపుకుంటే అన్ని బీడీలు తగ్గినట్టే. గోడకి ఆనుకునే వీలు కూడా ఉండదు, మెడ వంచి చాటలోకి చూస్తూ ముందుకి వాలి పనిచేయాల్సిందే. పదేళ్ళ వయసులో తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం నేర్చుకున్న పిల్ల నలభై ఏళ్ళకి చేరేసరికి ముప్పై ఏళ్ళ పాటు అదే భంగిమలో కూర్చుని ఉంటుంది.

పొలం పనులది ఇంకో తీరు. రంగనాయకసాగర్, కొండపోచమ్మసాగర్ 2020లో, మల్లన్నసాగర్ 2022లో ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు మక్కలు, పత్తి తప్ప నీళ్ళ పంట ఎరగని చెలకల్లోకి కూడా వరి వచ్చింది. నీళ్ళు రావడాన్ని ఎవరూ కాదనరు. కానీ వరి పెరగడమంటే నాట్లు పెరగడం. నాట్లంటే బురదలో నిలబడి, నడుం రెండుగా మడిచి, వెనక్కి నడుస్తూ పొద్దుగూకే దాకా పనిచేయడం. కొన్ని చోట్ల యంత్రాలు, కొన్ని చోట్ల ఇతర రాష్ట్రాల కూలీలు వచ్చినా, నారు తీయడం, నాటు వేయడం, కలుపు తీయడం మన స్త్రీల మీదే ఎక్కువగా ఉన్నాయి. పత్తి కాలం వస్తే నడుముకి సంచి కట్టుకుని ఏరాలి. ఏరిన కొద్దీ బరువు పెరిగేది నడుము మీదే. దుక్కి, మందు కొట్టడం, బరువు మోయడం మగవాళ్ళ పనులని, కనుక కష్టమైనవని ఎక్కువ కూలి ఇస్తారు. రోజంతా వంగి ఉండడం మాత్రం 'తేలిక పని' కింద లెక్క!

ఇంటికి వచ్చాక రెండో విడత చాకిరీ మొదలు. నీళ్ళ బిందె, బట్టల మూట, అంట్లు, వంగి ఊడ్చే వాకిలి, చంకన పిల్ల. 2019లో ప్రభుత్వమే చేయించిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 299 నిముషాలు వెచ్చిస్తుంటే, చేసే పురుషులు వెచ్చించేది 97 నిముషాలు. అంటే బయట పని కాక ఇంట్లో ఇంకో అయిదు గంటలు. ఏ డాక్టరైనా నడుం నొప్పికి మొదట చెప్పే మాట 'కొన్నాళ్ళు బరువులు ఎత్తకండి, ఎక్కువ సేపు వంగకండి' అని. ఆ మాట చెబుతున్నది ఎవరికో ఆ డాక్టరు ఒక్క క్షణం తలెత్తి చూస్తే బాగుండును.

ఈ వాక్యాలు రాస్తున్న నాకూ నడుం నొప్పి ఉంది. మీటింగులకి తిరిగే బస్సు ప్రయాణాలు, నేల మీద గంటల తరబడి కూర్చోవడం దానికి తోడు. ఒకసారి ఎడమ కాలిలోకి తీగలాగినట్టు పాకి, మంచం దిగలేని స్థితి వస్తే ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. పొద్దున్న ఏడింటికి చీటీ కోసం వరస. చీటీ చేతికి వచ్చాక డాక్టరు గది ముందు ఇంకో వరస. నడుం నొప్పితో వచ్చినవాళ్ళం గోడకి చేరబడి నిలబడ్డాం. కూర్చోడానికి రెండే బల్లలు, అవి నిండి ఉన్నాయి. నా ముందున్న ఒక ముసలామె నిలబడలేక నేల మీద పడుకుంది. మూడు గంటల తరవాత లోపలికి పిలిస్తే డాక్టరు నాతో మాట్లాడింది రెండు నిముషాలకి మించదు. వేలితో నొక్కి చూడలేదు, కాలు ఎత్తమనలేదు, ఏం పని చేస్తారని అడగలేదు. అయిదు రోజులకి నొప్పి మాత్రలు, గ్యాసు మాత్రలు రాసి, తగ్గకపోతే స్కానింగ్ తీయించుకోమన్నాడు.

ఆ యువ డాక్టరు మీద నాకు కోపం లేదు. అతని బల్ల మీద చీటీల దొంతర చూశాను. మధ్యాహ్నం దాకా అతను మంచినీళ్ళు తాగడానికి కూడా లేవలేదు. నర్సులూ అంతే. వంగి రోగులని లేపి, మళ్ళీ పడుకోబెట్టే ఆ నర్సుల్లో ఎంతమందికి నడుం నొప్పి లేదో అడగండి. ఒక డాక్టరు ముందు వందమందిని నిలబెట్టి, నడుం నొప్పి గురించి పూర్తిగా మాట్లాడమంటే అది అతనికీ అన్యాయమే, మనకీ అన్యాయమే. చేతిలో ఉన్న రెండు నిముషాల్లో ఇవ్వగలిగింది మాత్ర ఒక్కటే కనుక మాత్రే వైద్యం అయిపోయింది.

వరసలో రోజు పోగొట్టుకోలేని స్త్రీ ఏం చేస్తుంది? ఊళ్ళో ఆరెంపీ దగ్గరికి పోతుంది. సూది వేయించుకుంటుంది, ఆ పూటకి నొప్పి తగ్గుతుంది, మర్నాడు నాటుకి పోతుంది. మూడో రోజు మళ్ళీ సూది. కొన్నాళ్ళకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర తంబాకు, ఆకులతో పాటు నెలవారీ ఖర్చుల్లో చేరిపోతుంది. ఇలా నెలల తరబడి నొప్పి మాత్రలు మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆ మాట చెప్పేవాళ్ళుండరు. తరవాత బజారులో దొరికే బెల్టు. అదీ పనిచేయకపోతే అప్పు తెచ్చుకుని పట్నం పోయి స్కానింగ్. ఇక్కడినించి కథ మారిపోతుంది.

'నడుం నొప్పి, తెల్లబట్ట, పొత్తికడుపులో నొప్పి' అని చెప్పిన స్త్రీకి ప్రైవేటు ఆస్పత్రిలో తీసే మొదటి స్కానింగ్ ఎక్కువ సార్లు వెన్నెముకది కాదు, గర్భసంచిది. సంచి వాచిందని, పుండు పడిందని, ఉంచుకుంటే క్యాన్సరవుతుందని చెబుతారు. పిల్లలు పుట్టారు కదా, ఆపరేషన్ అయింది కదా, ఇంక దీనితో పనేముంది అంటారు. ఇంటికి వచ్చాక అత్త, ఆడబిడ్డ, మొగుడు అదే మాట అంటారు. పక్కింటామె నాకూ తీసేశారు అంటుంది. ముప్పై అయిదేళ్ళు నిండకుండానే ఒక అవయవం పోతుంది.

ఇది ఒకరిద్దరి కథ కాదు. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 15 నించి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవారి లెక్క తీసింది. దేశం మొత్తం మీద అది నూటికి ముగ్గురు. తెలంగాణలో నూటికి ఏడుగురు దాటారు, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అంటే మన తెలుగు స్త్రీలు దేశంలో అందరికంటే ముందున్న విషయం ఇది! దేశం మొత్తంలో ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆస్పత్రుల్లో జరిగినవే. ఈ సంగతిని సర్వేలకంటే ముందే గుర్తించిన డాక్టర్లు మన దగ్గర ఉన్నారు. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి దంపతులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనవసరంగా జరుగుతున్న గర్భసంచి ఆపరేషన్ల మీద ఏళ్ళ తరబడి పనిచేసి, పల్లెపల్లెకీ ఈ మాట తీసుకెళ్ళారు.

గర్భసంచికీ నడుం నొప్పికీ అసలు సంబంధమే లేదని మేం అనడం లేదు. సంచి జారినా, కొన్ని రకాల గడ్డలున్నా, లోపల ఇన్ఫెక్షన్ ముదిరినా నడుం నొప్పి రావచ్చు. వాటిలో చాలావాటికి ముందు మందులూ వ్యాయామాలూ ఉన్నాయి. కొన్నింటికి ఆపరేషన్ తప్పనిసరి కూడా. కానీ నడుం నొప్పి ఒక్కటే ఆపరేషన్‌కి కారణం కాదు. తెల్లబట్ట ఒక్కటే కారణం కాదు. 'ఇంక పిల్లలు వద్దు కదా' అన్నది అసలు వైద్య కారణమే కాదు.

మరి ఎందుకు ఇలా జరుగుతోంది? డబ్బు ఏ దారిన పోతోందో చూస్తే అర్థమవుతుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అప్పుల పాలయ్యే పేద కుటుంబాలకి గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు అందించిన పథకం అది, దాన్ని మనం తక్కువ చేయం. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబర్ 9న పది లక్షలకి పెంచారు. కానీ ఆ పథకం స్వభావమే ఆస్పత్రిలో చేరినవాళ్ళకి డబ్బు కట్టేది. పడక ఉండాలి, ఆపరేషన్ గానీ పెద్ద చికిత్స గానీ ఉండాలి, దానికో ధర ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో మొదటి ఏళ్ళలో గర్భసంచి ఆపరేషన్లు ఈ పథకం కింద విపరీతంగా జరిగి, విమర్శలు వచ్చాక గాని వాటిని ప్రభుత్వాసుపత్రులకి పరిమితం చేయలేదు. అటువైపు మూసిన తలుపు చేతి డబ్బు ఖర్చుపెట్టే వైపు తెరుచుకునే ఉంది. ఇటు నడుం నొప్పికి కావలసిందేమిటి? అరగంట ఓపికగా మాట్లాడి పరీక్ష చేసే డాక్టరు, వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు, ఆరు వారాల పాటు మళ్ళీ మళ్ళీ చూసే ఏర్పాటు. దీనికి పడక అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. కనుక దీనికి ధరా లేదు, ప్యాకేజీ లేదు. కోయడానికి దొరికే డబ్బు నయం చేయడానికి దొరకదు.

ఆపరేషన్ తరవాత నడుం నొప్పి పోతుందా? చాలామంది స్త్రీలు 'అప్పటినించీ ఇంకా ఎక్కువైంది' అంటారు. అందులో ఆశ్చర్యం లేదు. నొప్పికి కారణమైన పని అలాగే ఉంది. దానికి తోడు గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజునించే ముట్లుడిగిన స్థితి వస్తుంది, ఎముకల్లో పటుత్వం వేగంగా తగ్గుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న పేద స్త్రీల ఎముకల మీద పరిశోధన చేసి, చిన్న వయసు నించీ చాలీచాలని తిండితో పెరిగిన స్త్రీలకి ఎముకలు ముందే పలచబడి ఉంటున్నాయని చూపించారు. అలాంటి ఎముకల మీద ఇంకో దెబ్బ కొట్టడమే ఈ ఆపరేషన్. నడుం నొప్పి పోతుందని చెప్పి తీసిన అవయవం పోగా, నడుమే ఇంకా బలహీనపడుతుంది.

మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరుకు నరికే స్త్రీల సంగతి 2019లో దేశమంతా చదివింది. ప్రభుత్వం వేసిన కమిటీ సర్వేలో 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల పైచిలుకు మందికి గర్భసంచి తీసేసినట్టు తేలింది. ముట్టు రోజుల్లో పని పోతే కూలి కోత, జరిమానా. శరీరాన్ని పనికి అడ్డు రాకుండా కోయించుకున్నారు. మన దగ్గర ఇంత బహిరంగంగా లేదు గాని లెక్క అదే. రేపు మళ్ళీ పనికి పోవాలంటే ఈ నొప్పి ఒకేసారి వదలాలి. ఆ ఆశనే అమ్ముతున్నారు.

న్యాయస్థానాల్లో ఈ విషయంలో స్త్రీలకి పనికొచ్చే తీర్పులు రెండున్నాయి. కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. సమీరా కోహ్లీ కేసులో, మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేసిన డాక్టరు చేసింది తప్పని సుప్రీంకోర్టు 2008 జనవరిలో చెప్పింది. ఆపరేషన్ ఎవరి శరీరానికో, అనుమతి ఆమెదే కావాలి. భర్త సంతకం ఆమె సంతకానికి బదులు కాదు. రెండోది డాక్టర్ నరేంద్ర గుప్తా బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర ఆపరేషన్ల మీద వేసిన కేసు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలని అమలు చేయాలని ఆదేశించింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయిలో ఈ ఆపరేషన్లని పరిశీలించే కమిటీ ఉండాలి. మన జిల్లాలో ఆ కమిటీలో ఎవరున్నారు, ఎన్నిసార్లు కూర్చున్నారు, నలభై ఏళ్ళ లోపు స్త్రీలకి ఏ ఆస్పత్రిలో ఎన్ని ఆపరేషన్లు అయ్యాయి? సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెడితే చాలు. ఈ సంచిక చదివిన ప్రతి సంఘం ఆ పని చేయాలి.

ఇంతకీ నడుం నొప్పికి వైద్యం ఉందా? ఉంది. అదేమీ రహస్యం కాదు, ఖరీదైనదీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ. మనుషుల్ని పనికి, కదలికకి దూరం చేసే బాధల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. 2023 డిసెంబర్‌లో ఆ సంస్థ దీర్ఘకాలపు నడుం నొప్పికి మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పి గురించి విడమరచి చెప్పడం, క్రమబద్ధమైన వ్యాయామం, కొన్ని రకాల చేతి చికిత్సలు, మనసుకి ఊరట, అవసరమైనప్పుడు కొద్దికాలం మాత్రలు - ఇవి మేలు చేస్తాయంది. బెల్టులు, నడుముని సాగదీసే ట్రాక్షన్ మామూలుగా వాడొద్దంది. నూటికి తొంభై మందిలో స్కానింగ్‌లో చూపించదగ్గ ప్రత్యేకమైన కారణం ఏదీ ఉండదు. అంటే నొప్పి అబద్ధమని కాదు. కండరాలూ కీళ్ళూ అలసి, బిగుసుకుని, సరిగా కోలుకునే అవకాశం లేక పుట్టే నొప్పి అది. మంచం పట్టి పడుకుంటే తగ్గదు, మెల్లగా కదలాలి. ఒకే భంగిమలో గంటల తరబడి ఉండకూడదు.

మిగిలిన పదిమందిని మాత్రం జాగ్రత్తగా చూడాలి. నడుం నొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముకకి క్షయ గాని, క్యాన్సర్ గాని ఉందేమో చూడాలి. ముసలితనంలో చిన్నగా జారిపడ్డా వెన్నుపూస విరగవచ్చు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన ఊళ్ళలో వెన్ను బిగుసుకుపోవడాన్ని మనం నల్గొండలో చూశాం. ఈ తేడా గుర్తుపట్టడానికి యంత్రం అక్కర్లేదు. రోగి చెప్పేది పూర్తిగా వినే మనిషి కావాలి. ఇప్పుడు మన వైద్య వ్యవస్థలో లేనిది ఆ తీరికే.

స్త్రీలు చెప్పేది వినడం గురించి ఇంకొక్క మాట. తెలంగాణలో పెళ్ళయిన స్త్రీలలో సగానికి మించి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. 'ఆపరేషన్ అయినప్పటినించే నడుం నొప్పి', 'కాన్పప్పుడు వెన్నులో సూది పొడిచినప్పటినించే' అని ఎంతోమంది చెబుతారు. ఏళ్ళ తరబడి ఉండే నొప్పికి ఆ సూదే కారణమని వైద్య పరిశోధనలు తేల్చలేదు. కానీ ఆ మాటని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే మనం అసలు విషయం పోగొట్టుకుంటాం. ఆ ఆపరేషన్ తరవాత ఆమెకి ఎన్నాళ్ళు విశ్రాంతి దొరికింది? ఎన్నో రోజున నీళ్ళు మోసింది? ఎన్నో రోజున చాట ముందు కూర్చుంది? స్త్రీ తన నొప్పికి తేదీ చెబుతోందంటే, ఆ తేదీ దగ్గర తన శరీరానికి ఏదో అన్యాయం జరిగిందని చెబుతోంది. అది వినాలి.

సిద్దిపేట 2016 అక్టోబర్‌లో జిల్లా అయింది. 2018లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఒకప్పుడు ఏది వచ్చినా హైదరాబాదు గాంధీకో ఉస్మానియాకో పరుగెత్తిన రోజులతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు. ఊళ్ళలో పల్లె దవాఖానాలు వచ్చాయి. 2023 మార్చి 8న స్త్రీల కోసం మంగళవారం పూట 'ఆరోగ్య మహిళ' కేంద్రాలని మొదలుపెట్టారు. గర్భిణులకి, టీకాలకి, క్షయకి, బీపీకి, షుగరుకి జాతీయ కార్యక్రమాలున్నాయి. ఇన్నిటి మధ్య, స్త్రీలు మొట్టమొదట చెప్పుకునే బాధకి మాత్రం ఒక కార్యక్రమం లేదు. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తని అడగండి, తను నడిచి నడిచి తెచ్చుకున్న నడుం నొప్పి గురించి కూడా చెబుతుంది.

2023 డిసెంబర్ 9 నించి స్త్రీలకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది. ఇప్పుడు ఊరినించి పట్నం దవాఖానకి రావడానికి చార్జీ అక్కర్లేదు. మంచిదే. కానీ ఫిజియోథెరపీకి వారానికి మూడు సార్లు రమ్మంటే మూడు రోజుల కూలి ఎవరిస్తారు? బస్సు టికెట్ కంటే కూలి ఖరీదైనది. వైద్యం ఆమె దగ్గరికి రావాలి గాని, నొప్పితో ఉన్న మనిషిని మళ్ళీ బస్సు కుదుపుల్లో తిప్పడం వైద్యం కాదు.

ఇక అసలు ప్రశ్న: ఇది జబ్బా, పని చేసిన గాయమా? గనిలో పనిచేసేవాడి ఊపిరితిత్తుల జబ్బుని చట్టం వృత్తి వ్యాధిగా గుర్తించింది. ఎన్ని పోరాటాల తరవాతో గుర్తించింది. కానీ ముప్పై ఏళ్ళు చాట ముందు కూర్చున్నందుకు వచ్చిన నడుం నొప్పి ఆ జాబితాలో లేదు. స్త్రీల పని 'ఇంట్లో కూర్చుని చేసే పని' కనుక దానివల్ల గాయాలు కావని చట్టం రాసినవాళ్ళు అనుకున్నారేమో. 1995లో ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు, కార్మికుల ఆరోగ్యమూ వైద్యమూ రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని, పని మానేశాక కూడా ఆ హక్కు ఉంటుందని స్పష్టంగా చెప్పింది. ఆ మాట ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోవాల్సిన అవసరం లేదు. అది గుమ్మం దాటి బీడీలు చుట్టే ఇంట్లోకీ రావాలి, గట్టు దాటి వరి మడిలోకీ రావాలి.

బీడీ కార్మికులకి సొంతంగా ఒక చట్టం 1966లో వచ్చింది. 1976లో సంక్షేమ నిధి, దానికోసం బీడీల మీద సెస్సు వచ్చాయి. ఆ సెస్సు డబ్బుతోనే బీడీ కార్మికుల డిస్పెన్సరీలు, పిల్లల స్కాలర్‌షిప్పులు నడిచాయి. 2017లో జీఎస్టీతో పాటు సెస్సు రద్దయింది. ఇప్పుడవన్నీ బడ్జెట్లో ఎంత విదిలిస్తే అంత. 2025 నవంబర్ 21న అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో 1966 చట్టం కూడా కలిసిపోయింది. తెలంగాణలో 2015లో బీడీ కార్మికులకి నెలకి వెయ్యి రూపాయల పింఛను మొదలై, 2019లో 2,016 అయింది. అది గెలుపే. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఉన్నవాళ్ళకే అని గీత గీసి మొదలుపెట్టడంతో, ఒకే అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే ఇద్దరిలో ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని పరిస్థితి ఏర్పడింది. నడుం మాత్రం ఇద్దరిదీ ఒకేలా వంగింది.

ఇక్కడ మనల్ని మనం కూడా ప్రశ్నించుకోవాలి. స్త్రీల ఉద్యమం వరకట్న హత్యల గురించి, అత్యాచారాల గురించి, ప్రమాదకరమైన గర్భనిరోధక సూదుల గురించి గట్టిగా పోరాడింది. చంపేసే హింసని మనం గుర్తించాం. రోజూ కొద్దికొద్దిగా వంచేసే హింసని గుర్తించడంలో వెనకబడ్డాం. స్వచ్ఛంద సంస్థలు కూడా నిధులిచ్చే వాళ్ళ ప్రాధాన్యాలని బట్టి మాతృ మరణాలనీ, ఎయిడ్స్‌నీ, ఇంకొకదాన్నీ పట్టుకున్నాయి. పునరుత్పత్తి ఆరోగ్యం అన్న మాట మనం ఎన్నిసార్లు వాడామో! స్త్రీ అంటే గర్భసంచి అని వైద్య వ్యవస్థ అనుకుంటోందని విమర్శించే మనం కూడా స్త్రీల ఆరోగ్యమంటే చాలాసార్లు గర్భసంచి చుట్టూనే తిరిగాం. పనిచేసే మనిషిగా ఆమెకున్న వెన్నునీ, మోకాళ్ళనీ, మెడనీ మరిచిపోయాం.

కనుక మనం అడగవలసినవి ఇవి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ వారంలో నిర్ణీత రోజున ఫిజియోథెరపిస్టు రావాలి. మంగళవారం స్త్రీల క్లినిక్కులు ఎక్కడ నడిచినా నడుం నొప్పి వాటి సేవల జాబితాలో చేరాలి. పడక లేకుండా జరిగే చికిత్సకీ ఆరోగ్యశ్రీ డబ్బు కట్టాలి. నలభై ఏళ్ళ లోపు స్త్రీలకి చేసే ప్రతి గర్భసంచి ఆపరేషన్‌నీ జిల్లా కమిటీ పరిశీలించి, లెక్కలు బయటపెట్టాలి. బీడీ, వ్యవసాయ పనుల్లో వచ్చే నడుం, మెడ, మోకాలి జబ్బులని వృత్తి వ్యాధులుగా గుర్తించాలి. ఆస్పత్రుల్లో ఖాళీగా ఉన్న పోస్టులు నింపాలి. ఒక డాక్టరు ముందు వందమందిని నిలబెట్టడం ఇద్దరి హక్కులనీ కాలరాయడమే.

మనం మన స్థాయిలో వెంటనే చేయగలిగినవీ ఉన్నాయి. సంఘం సమావేశాల్లో ఒక ఫిజియోథెరపిస్టుని పిలిచి అయిదారు వ్యాయామాలు నేర్పించవచ్చు. బీడీ చుట్టేవాళ్ళు చాటని ఎత్తుగా పెట్టుకోవడం, గోడకి ఆనుకోవడం, గంటకోసారి అందరూ కలిసి లేవడం ఒక అలవాటుగా మార్చవచ్చు. ఒక్కతే లేస్తే బీడీలు తగ్గుతాయి, అరుగంతా లేస్తే అది నియమమవుతుంది. గర్భసంచి తీయాలని చెప్పిన స్త్రీ వెంట ఒక కార్యకర్త వెళ్ళి నాలుగు ప్రశ్నలు అడగవచ్చు: జబ్బు పేరేమిటి? తీయకుండా వేరే వైద్యం ఉందా? అండాశయాలు కూడా తీస్తారా? ఇంకో డాక్టరుకి చూపించుకోడానికి రిపోర్టులు ఇస్తారా? ఈ నాలుగు ప్రశ్నలతో ఎన్నో ఆపరేషన్లు ఆగుతాయి.

అన్నిటికంటే కష్టమైన పని ఇంట్లో ఉంది. బిందె ఎవరు ఎత్తాలి, వాకిలి ఎవరు ఊడవాలి అన్న ప్రశ్న వేయకుండా నడుం నొప్పి గురించి మాట్లాడితే అది సగం మాటే. ఏ దవాఖానా ఇవ్వలేని మందు అది. భర్తలూ కొడుకులూ ఇవ్వగలిగింది.

వచ్చేసారి ఒక సమావేశంలో ఎవరైనా నడుం నొప్పి మాట ఎత్తినప్పుడు, అందరూ నవ్వబోయేముందు, ఆమెని అడగండి: ఎప్పటినించి? ఏ పని చేస్తుంటే? ఎవరికి చూపించావు? ఏమన్నారు? ఆ జవాబులు ఒక నోటుపుస్తకంలో రాయండి. వంద మంది జవాబులు ఒకచోట చేరితే అది నొప్పుల చిట్టా కాదు, ఒక దరఖాస్తు. దాన్ని పట్టుకుని కలెక్టరు కార్యాలయానికి నడుద్దాం. ఈసారి నడుం బిగించేది నడుము కోసమే.